వీధికి ఇటువైపు

...అయినా గీత గీసేవాడికి చెయ్యి వణకదా, వణక్కపోతే ఇన్ని వంకర్లు ఎలా వస్తాయి అనుకుంటోంది వెర్నా. కొడుకు హోలిస్ డైనింగ్ టేబుల్ మీద పరిచిన నియోజకవర్గాల మ్యాపులో ఒక నీలం గీత పత్తి చేలను చుట్టి, చర్చిని ఆనుకుని, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి వాళ్ళ వీధిలోకి దూరింది. చిన్నప్పుడు వాడు చెకర్స్ ఆటలో ఓడిపోయేలా ఉంటే బోర్డుని మెల్లగా తనవైపు తిప్పుకునేవాడు. ఆమె చూడనట్టు ఊరుకునేది. పిల్లవాడు గెలిస్తే ఇల్లు ప్రశాంతంగా ఉండేది మరి.

"వింటున్నావా అమ్మా? గీత మన నడిరోడ్డు మీదుగా పోతుంది. నీ ఇల్లు నా నియోజకవర్గంలోనే ఉంది. ఎదురిల్లు పక్కదాంట్లోకి పోయింది."

"ఎదురిల్లంటే డెల్ఫిన్‌ది."

"ఆవిడదే." హోలిస్ పెకాన్ గింజల మిఠాయి ముక్క నోట్లో పెట్టుకుని నవ్వాడు. "మూసేసిన ఆస్పత్రి మెట్ల మీద నిలబడి, నా మీద పోటీ చేస్తానంది కదా. ఇప్పుడు చెయ్యమను. నిలబడాలంటే ఇక్కడ కాపురం ఉండాలి."

"పాతికేళ్ళుగా ఇక్కడే ఉందిగా."

"ఉంది. ఆవిడేం కదల్లేదు. ఇక్కడ అనేదే కదిలింది."

వెర్నా అతని గ్లాసులో ఇంకాస్త చల్లటి టీ పోసింది. "జనాభా లెక్కలయ్యాక కదా ఇవి గీసేది? పదేళ్ళకోసారి."

"ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? పక్క రాష్ట్రంలో అవతలి పార్టీవాళ్ళు గీశారని ఇక్కడ మనం గీశాం. మనం గీశామని ఇంకోచోట వాళ్ళు గీస్తున్నారు."

"కోర్టు ఊరుకుంటుందా?"

"కోర్టు తేల్చేసరికి ఎన్నికలు అయిపోయి, నేను ప్రమాణం చేసేసి, కుర్చీలో కూర్చుని ఉంటాను."

"డెల్ఫిన్ ఇటువైపు ఇల్లు తీసుకుంటే?"

"నామినేషన్‌కి రేపు సాయంత్రమే గడువు. ఇటువైపు అద్దె ఇళ్ళున్నవాళ్ళంతా మనవాళ్ళే. వారం నుంచీ తిరుగుతోంది పాపం, కోళ్ళ షెడ్డు కూడా ఇవ్వరు." వేలితో తల్లి ఇంటి చుట్టూ తిరిగిన గీతని తట్టాడు. "ఈ మలుపు మాత్రం నేనే అడిగి వేయించాను. నీ ఓటు పరాయివాడికి పడితే నాకెంత నామోషీ."

"నా ఒక్క ఓటు కోసం ఇంత వంచావా?"

"నీ కోసం ఎంతైనా వంచుతాను."

అబద్ధం కాదు. అదే ఆమెకి కొరుకుడు పడని సంగతి. ఊళ్ళో ఆస్పత్రి మూసెయ్యాలని శాసనసభలో చెయ్యెత్తినవాళ్ళలో వీడొకడు. ఆ తర్వాత రెండు నెలలకి గుండె పట్టుకుని కూలిపోయిన తండ్రిని అంబులెన్సు పక్క కౌంటీ ఆస్పత్రికి మోసుకుపోతుంటే, ఆయన దారిలోనే పోయాడు. అంత్యక్రియల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ వీడే. ఆ ఏడుపూ నిజమే. ఎత్తిన చెయ్యికీ కార్చిన కన్నీళ్ళకీ మధ్య వాడి లోపల కూడా ఎవరో ఒక గీత గీసి ఉంటారు. అటు జరిగింది ఇటు తెలియదు. ఉద్యోగం పోయిన నర్సు డెల్ఫిన్ మాత్రం, ఎవరూ పిలవకుండానే అంబులెన్సు ఎక్కి, ఆఖరుదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. మరి తనో? ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండిపోయింది. ఇప్పటికీ అలాగే చూస్తోందేమో.

"ఏమిటమ్మా, అలా అయిపోయావు?"

"ఏం లేదు. వరండాలో కొత్త పరుపుంది. నా వల్ల కాలేదు. నీ పాత గదిలో వేసి పెడుదూ."

"నా గదిలోనా? ఎందుకు?"

"అద్దెకిస్తున్నాను. ఇంత ఇంట్లో ఒక్కదాన్నీ ఉంటే నా దగ్గు నాకే వినిపిస్తోంది."

"మంచి పని." హోలిస్ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "ఎవరికి?"

"ఇంకా అడగలేదు. ఆడమనిషైతే బాగుండును. నీకేమైనా అభ్యంతరమా?"

"నీ ఇల్లు, నీ ఇష్టం. నన్నడుగుతావేమిటి?"

పరుపు మెట్ల మలుపులో ఇరుక్కుంది. "కుడికి తిప్పు," అంది వెర్నా కింద నుంచి. "కుడికే తిప్పుతున్నా," అని అతను రొప్పాడు. "అలవాటేగా," అంది ఆమె, అతనికి వినపడేలాగే. పరుపు వేసి, తన ఫుట్‌బాల్ కప్పులన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుకుని దిగి వచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఇవి పారేయకు, నా కారులో పెట్టుకుంటా. ఆ వచ్చేదెవరో గానీ అదృష్టవంతురాలు. ఆ కిటికీలోంచి వీధంతా కనిపిస్తుంది."

వెర్నా అప్పటికే తలుపు దగ్గర ఉంది. ఎదురింటి మెట్ల మీద డెల్ఫిన్ చెప్పులు విప్పేసి, పాదాలు ఒత్తుకుంటూ కూర్చుంది. ఈ వేళ కూడా ఎక్కడా దొరికినట్టు లేదు. వెర్నా తలుపు గడియ తీసింది. ఏడు పదులు దాటిన మనిషి, కొడుకు చూస్తుండగా గొంతు పెంచి మాట్లాడి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. దోమతెర తలుపు బార్లా తీసి, రోడ్డు అవతలికి చెయ్యి ఊపింది.

"డెల్ఫిన్, పెట్టె సర్దుకుని వచ్చెయ్యి తల్లీ. పరుపు మన ఎమ్మెల్యేగారే స్వయంగా మోసి వేశారు."