హీటరు ఆర్పేదెవరు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు. అమ్మ, నాన్న, దగ్గుతో బడి మానేసిన చెల్లి. జిరాక్సు కొట్టులో కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని ఆమె ముగ్గురినీ ఫోనులో చూస్తోంది.

ఇంట్లో ఉన్న నెట్ డబ్బాలోకి, దానికి కలిపిన హీటరు ప్లగ్గులోకి ఎక్కడినుంచైనా ఫోనుతో వెళ్ళచ్చు. డబ్బా పాతదే, పాస్‌వర్డూ పాతదే; ఎవరూ మార్చలేదు. హాలు మూలనున్న కెమెరా పాడైపోయిందని ఇంట్లోవాళ్ళ నమ్మకం. కాదని ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

చెల్లి సోఫాలో నిద్రపోయింది. అమ్మ తడి సాక్సులు తెచ్చి హీటరు మీద ఆరేసి వంటింట్లోకి వెళ్ళింది. కొట్టులో ఆమె వెంటనే ఫోను తెర మీద హీటరు గుర్తును నొక్కింది. అక్కడ ఎర్రటి కడ్డీలు మెల్లగా నల్లబడ్డాయి.

"ఇంట్లోవాళ్ళని ఇంతలా కాపలా కాసే పిల్లని నేను చూళ్ళేదు," అంది కొట్టు అక్క, కాగితాలు సర్దుతూ. "ఫోన్ చేసి చెప్పెయ్యరాదూ?"

"నా మాట వినరక్కా."

కాసేపటికి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆరిన హీటరును చూసి నిలబడిపోయింది. నాన్నను పిలిచింది. ఇంత తక్కువ అద్దెకు ఇల్లు దొరికినప్పుడే తనకు అనుమానం వచ్చిందని, పడగ్గది గోడకు ఎన్నిసార్లు రంగు వేసినా మసి పైకి తేలుతోందని గొణిగింది. అది చెమ్మ, నీకు చాదస్తం అని నాన్న కొట్టిపారేశాడు. అంటూనే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"మధ్యలో ఈ పాత ప్లగ్గుదే తంటా. పీకేసి నేరుగా గోడకే పెడతా. ఇక ఎలా ఆరుతుందో చూద్దాం."

అన్నట్టే పీకేశాడు. ఫోనులో హీటరు గుర్తు బూడిదరంగుకు మారింది. ఎంత నొక్కినా పలకలేదు. కెమెరాలో మాత్రం కడ్డీలు మళ్ళీ ఎర్రబడుతున్నాయి. సాక్సులు ఇంకా వాటి మీదే ఉన్నాయి. ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. ఒక సాక్సు నుంచి సన్నగా ఏదో లేస్తోంది. ఆవిరో, పొగో.

ఆమె కొట్టులోంచి పరుగెత్తింది. వీధి మలుపులో చెప్పు తెగితే అక్కడే వదిలేసింది. జేబులో తాళంచెవి ఉంది కానీ, అది ఆ తలుపుకు పట్టడం మానేసి చాలాకాలమైంది. రెండు చేతులతో తలుపు బాదింది.

అమ్మ తీసింది.

"అమ్మా, సాక్సులు! ముందు అవి తీసెయ్. చెల్లిని లేపు."

అమ్మ లోపలికి ఉరికింది. తిరిగొచ్చేసరికి ఒక చేతిలో మాడిన సాక్సు, చంకలో నిద్రకళ్ళ చెల్లి.

"నీకెలా తెలిసింది?"

"చూశాను." ఆమె హాలు మూలకు వేలు చూపించింది. "రోజూ హీటరు ఆర్పేది నేనే అమ్మా. మీరు భయపడకండి."

అమ్మ కెమెరా వంక చూసింది, ఆమె వంక చూసింది. ఆ కళ్ళలో ముందు జాలి, దాని వెనకే భయం. చెల్లి మొహాన్ని భుజంలోకి అదుముకుంది.

"ఇలా మళ్ళీ మళ్ళీ రాకూడదమ్మా," అని మెల్లగా తలుపు వేసేసింది.

ఎవరొచ్చారని లోపల నాన్న అడగడం వినిపించింది.

"ఇదివరకు ఈ ఇంట్లో కాలిపోయినవాళ్ళ అమ్మాయండీ."