ఉప్పు కాపడం

అడవిలో ఎలుగుబంటి వైద్యానికి మంచి పేరుంది. ఈమధ్య ఆయన గుహ వెనక తొర్రలో ఒక చిలక చేరింది. దాన్నేం అడిగినా తడుముకోదు. దాంతో వైద్యుడుగారు రోగి మొహం చూడటమే మానేశారు.

ఒకరోజు కప్పమ్మ పిల్లని వీపున మోసుకొచ్చింది. "అయ్యా, దీని కాలు వాచింది. గెంతలేక ఏడుస్తోంది."

"చిలకా, కాలి వాపుకి ఏం చెయ్యాలి?"

"వేడి వేడి ఉప్పు కాపడం!"

ఎలుగుబంటి ఉప్పు మూట కాచి, ఇటు తిరక్కుండానే చెయ్యి చాచింది. కప్పమ్మకి ఒళ్లు మండిపోయింది. ఒక్క గెంతున ఆ చేతిమీద వాలింది.

"ఉప్పు తగిలితే కప్ప బతుకుతుందటయ్యా?"

"చిలక చెప్పిందమ్మా..." అని నసిగింది ఎలుగుబంటి.

"తొర్రలో ఉన్నదాన్ని, రోగి కప్ప అని నాకెవరు చెప్పారు?" అంది చిలక.

"విన్నావా? రోగి ఉన్నది నీ కళ్లముందు! వంగి చూడు!" అంది కప్పమ్మ.

ఎలుగుబంటి వంగింది. పిల్ల అరికాల్లో రేగుముల్లు. గోటితో లాగేసి, మురిసిపోతూ కేకేసింది. "చిలకా, గుర్తుంచుకో. కాలు వాస్తే ముల్లు తీసెయ్యాలి!"

కప్పమ్మ పళ్లు కొరుక్కుంటూ గుమ్మం దాటింది. బయట కుంటుతూ వస్తున్న జింకతో అంది. "పద వదినా, నీ కాలు నేను చూస్తాను."