బాపు మీద పోస్టు

"లింక్డ్‌ఇన్‌లో ఇది నువ్వే పెట్టావా, అమ్మా? ఎవరో ఫిర్యాదు చేస్తూ పంపారు." మెడికల్ బోర్డు డాక్టర్ ఫోన్‌ను మమత వైపు తిప్పాడు.

తెర మీద ఆమె తండ్రి ఓదెలు ఫోటో. కింద మమత మాటలు: 'యాభై అయిదేళ్ల మా నాన్న బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వచ్చాక కూడా రోజూ అయిదు కిలోమీటర్లు పరుగెత్తుతారు. ఆయనే నా స్ఫూర్తి.'

పక్క కుర్చీలో ఓదెలు ఆయాసంతో ఎగపోస్తున్నాడు. బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఆయనకు బాయిలోకి దిగే పని తప్పుతుంది. బొగ్గు కంపెనీ నియమం ప్రకారం ఆ నౌకరీ కొడుక్కి వస్తుంది.

"అబద్ధం సార్! బాపు వాకిలి దాటంగనే కూలవడ్తడు. నాకు నౌకరిచ్చే కంపెనీలోళ్లు చూస్తరని గట్ల రాసిన."

"ఆ మాటే పోస్టు కింద రాయి. ఇప్పుడే అన్‌ఫిట్ రాసేస్తాను."

మమత ఫోన్ తీసింది. ఆ పోస్టు చూసి హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆమెను సోమవారం ఇంటర్వ్యూకు పిలిచింది. తెర మీద వేలు ఆగిపోయింది.

"మంగళారం రాస్త, సార్."

"బోర్డు ఈ రోజే కదమ్మా!"

వేలు కదల్లేదు. ఓదెలు కాసేపు దాన్నే చూసి, కుర్చీ పట్టుకుని లేచాడు.

"బిడ్డ రాసింది నిజమే సారూ. ఫిట్ అనే రాయుండ్రి. సెకండ్ షిఫ్టుకు పోత."

మమత కాదనలేదు.