మూడో దోసెడు

గాలివాన కొట్టిన మరుసటి ఏడు, తొలకరి రోజులు. చేనిగట్టున ఉండే పందికొక్కు వానాకాలంలో అందరికీ పల్లీలు అప్పిచ్చి, వానలు వెలిశాక కాయలో గింజలో తిరిగి పుచ్చుకునేది. బాదంచెట్టు మీది ఉడుత ఏటా రెండు దోసిళ్ళు తెచ్చుకుని పిల్లలతో హాయిగా గడిపేది.

"ఈసారి మూడడుగు వదినా, పోయేదేముంది?" అంది పక్క కొమ్మ మీది మైనా.

"పందికొక్కు మామ వచ్చి మా చెట్టు చూస్తేనో?"

"నా ఖాళీ గూడు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూశాడా? వేళకి తిరిగిస్తే చాలు."

నిజమే కదా అనుకుని ఉడుత మూడు అడిగింది. పందికొక్కు అప్పుడే లేచి చెట్టు కిందికి వచ్చింది. బాగా కాసే కొమ్మ నిరుటి గాలివానకి విరిగి ఎండిపోయి ఉంది.

"ఇదేంటమ్మా, నాకు చెప్పనేలేదే!"

"మీరెప్పుడూ చూడ్డానికి రాలేదుగా మామా!"

"ఎప్పుడూ తీసుకునేదే తీసుకుంటే ఎందుకొస్తాను? నాకింకేం పని లేదా? ఎక్కువ అడిగినవాళ్ళ చెట్టే చూస్తాను."

ఉడుతకి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. పందికొక్కు కూడా నవ్వి, మిగిలిన కొమ్మల కాపుకి తగ్గట్టు ఒక్క దోసెడే కొలిచింది. పిల్లలు వాటినే చప్పరిస్తూ కులాసాగా ఆ కాలం గడిపేశాయి. మైనాకి ఎప్పటిలాగే అయిదు దోసిళ్ళు అందాయి.

ఆ ఏడు ఉడుతకి తగ్గింది ఒక దోసెడు పల్లీలు.