ఆడిషన్‌కు ముందు

ఇర్మెలి చేతిలోంచి పాఠం రాసుకున్న కార్డులు జారి హోటల్ కారిడార్ అంతా పరుచుకున్నాయి.

బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న పెద్దాయన లేచి, నడుం పట్టుకుని వంగి, ఒక్కొక్కటే ఏరి ఇచ్చాడు.

"వీటికి నంబర్లు వేసుకోలేదేమ్మా?"

"వేసుకుంటే ఈ తిప్పలెందుకండీ?"

ఆమె బెంచీ చివర కూలబడింది. తమ ఊరు యువాస్క్యూల బస్ స్టేషన్‌లో ఆమె పనిచేసిన సామాన్ల కౌంటరును కిందటేడు ఎత్తేశారు. అప్పట్నుంచీ ఇంట్లోనే. సెమినార్లు చెప్పే ట్రైనర్ కావాలని ఒక సంస్థ ప్రకటన ఇస్తే, 'కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడటం ఎలా' అన్న పాఠాన్ని రోజూ వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడి వల్లె వేసింది. చీకటితోనే బస్సెక్కి, ఈ నవంబరు చలిలో తాంపెరె నగరానికి వచ్చింది. ఇప్పుడు ఏ కార్డు ముందో, ఏది వెనకో తెలియడం లేదు.

ఎదురుగా గది తలుపు తెరుచుకుంది. ఒక అమ్మాయి ఎత్తు మడమల చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"పొద్దుట్నుంచీ ఒక్కళ్లూ నచ్చలేదట. ఇంక మీరే మిగిలారు."

మీరంటే తనూ, ఈ పెద్దాయనా అనుకుంది ఇర్మెలి.

ఆ అమ్మాయి లిఫ్టులో కిందికి వెళ్లిపోయేదాకా చూసి, పెద్దాయన ఇటు తిరిగాడు.

"ఏదీ, ఓసారి నాకు చెప్పి చూపించు."

పోటీకి వచ్చినవాడు సాయం చేస్తానంటే నమ్మడమెలా? అసలే అలిసిపోయి ఉందేమో, ఆమె నోరు జారింది.

"ఈ వయసులో మీకెందుకండీ ఇదంతా? మాలాంటివాళ్లకు కాస్త చోటివ్వకూడదూ?"

ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకున్నా కనబడనివ్వలేదు.

"సరే, నేను నీ సెమినార్‌కు వచ్చాననుకో. ఇష్టపడి రాలేదు, మా బాసు తోలాడు. బయట మంచు బురద. సాక్సు తడిసి ముద్దయింది. ఇప్పుడు చెప్పు, నీ మాట నేనెందుకు వినాలి?"

"కస్టమర్ సంతృప్తి ప్రతి సంస్థకూ మూలస్తంభం..."

ఆయన నోరంతా తెరిచి ఆవులించాడు.

"కోపానికి కొన్ని దశలుంటాయి..."

"నీకెలా తెలుసు? ఎప్పుడైనా తిట్లు తిన్నావా?"

"తిన్నానా అంటారేమిటండీ!" ఇర్మెలికి ఒళ్లు మండింది. "ఏళ్ల తరబడి ఆ కౌంటర్లో కూర్చుని మూడు పూటలా అవే తిన్నాను!"

"అయితే ఒకటి చెప్పు."

"ఒకాయన సూట్‌కేసు పోయిందని వచ్చి, కౌంటరు మీద గుద్ది గుద్ది అరిచాడు. నేను రూలు చెప్పాను. రెండు వారాలు ఆగాలన్నాను. అంతే, నేలమీద చతికిలబడిపోయాడు. చనిపోయిన వాళ్లమ్మకు తొడగాల్సిన గౌను ఆ పెట్టెలో ఉందట. సాయంత్రానికి శవపేటిక మూసేస్తారట."

ఈసారి ఆయన ఆవులించలేదు.

"నువ్వేం చేశావు?"

"కౌంటరు మూసేసి, అతన్ని వెంటబెట్టుకుని బట్టల షాపుకెళ్లాను. మీ అమ్మగారు నా అంత ఉంటారా అని అడిగాను. ఉంటుందన్నాడు. నీలం గౌను ఒకటి నేనే తొడుక్కుని చూపించాను..."

ఆమె చేతిలోని కార్డుల్ని బెంచీ మీద పెట్టింది.

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పనివేళలో కౌంటరు మూసినందుకు మా ఆఫీసరు చీవాట్లు కూడా పెట్టాడు."

పెద్దాయన ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ఆమె చేతికిచ్చాడు.

"అక్కణ్ణుంచే మొదలుపెట్టు," అన్నాడు. "ఆ మనిషి కౌంటరు మీద గుద్దాడు చూడు, అదే నీ మొదటి మాట. గౌను తొడుక్కున్న దగ్గర ఆగు. ఆగడానికి భయపడకు. వాళ్లు ఆలోచించుకుంటారు. తర్వాత మెల్లిగా అడుగు, మీ ముందు అరిచినవాడి పెట్టెలో ఏముందో ఎప్పుడైనా అడిగారా అని."

"మరి కార్డులు?"

"బెంచీ మీద పడుండనీ."

లోపల్నుంచి పిలుపు వచ్చింది.

"మీరు ముందు వెళ్తారా?" అంది ఇర్మెలి, ఇందాకటి మాటకు సిగ్గుపడుతూ.

"నువ్వెళ్లమ్మా. నాకేం తొందర లేదు."

లోపల ముగ్గురున్నారు. పొద్దుట్నుంచీ విని విని వాళ్ల మొహాలు వాడిపోయాయి. ఇర్మెలి గట్టిగా బల్ల మీద గుద్దింది. ముగ్గురూ ఉలిక్కిపడి తలెత్తారు.

గౌను దగ్గరికొచ్చి ఆగింది. రాసుకుంటున్నాయన పెన్ను కింద పెట్టాడు. మధ్యలో కూర్చున్న కైసు అనే పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

అంతా అయ్యాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"సోమవారం నుంచి రాగలరా?" అంది కైసు.

ఇర్మెలికి సంతోషం కంటే ముందు కారిడార్ గుర్తొచ్చింది.

"మరి బయటున్న పెద్దాయన్ని పిలవరా? ఆయన్నీ ఓసారి వినండి. ఇలా చెప్పమన్నది ఆయనే."

"ఎవరాయన?"

"బూడిదరంగు కోటు. చేతిలో ఫ్లాస్కు. నడుం కాస్త వంగి..."

కైసు కుర్చీలోంచి లేచి గబగబా వెళ్లి తలుపు తీసింది. బెంచీ ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే, కింద బూడిదరంగు కోటు మనిషి ట్రామ్ ఎక్కుతున్నాడు. ఇర్మెలి అద్దం మీద తట్టింది. అంత దూరానికి ఏం వినిపిస్తుంది? ట్రామ్ కదిలిపోయింది.

"అదేమిటి, ఆడిషన్ ఇవ్వకుండానే వెళ్లిపోయారు!"

"తౌనో గారికి ఆడిషనేమిటి?" అంది కైసు, ట్రామ్ పోయినవైపే చూస్తూ. "ఇన్నేళ్లూ మా సెమినార్లన్నీ నడిపింది ఆయనే. వయసైపోయింది, చాలించండని మేమంటే ఇంకొక్క ఏడాది ఉండనివ్వమని బతిమాలారు. ఇవాళ ఎవరూ కుదరకపోతే ఆయన్నే ఉంచుతామన్నాం."