పెద్దక్క హెడ్‌సెట్

అంబులెన్సు కాల్ సెంటర్లో ఆ రాత్రి నేనొక్కదాన్నే ఉన్నాను. తెరమీద ఒక కాల్ ఎర్రగా మెరుస్తోంది. హెడ్‌సెట్‌ను మాత్రం కంప్యూటర్ గుర్తుపట్టనంటోంది. వైరు తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. "నిన్నటిదాకా బాగానే ఉన్నావు కదే, మాయదారిదానా!" అని తిట్టాను కూడా.

నిజానికి అది, ఆఫీసులో మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడది. ఇరవై ఏళ్ళు ఈ కుర్చీలోనే కూర్చుని, పోయిన నెల కన్నుమూసింది. ప్రతి కాల్‌కూ ముందు, 'నేనున్నా' అన్నట్టు మైకు మీద గోటితో రెండుసార్లు కొట్టడం ఆమె అలవాటు.

వెనక పోర్టులో పెట్టి చూద్దామని, హెడ్‌సెట్ తలమీద ఉండగానే బల్ల కిందికి దూరాను. చెవిలో టక్, టక్ అని వినిపించింది. వైరు కొస ఇంకా నా చేతిలోనే ఉంది.

"భయపడకు తల్లీ. బాబును ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టు. భుజాల మధ్య గట్టిగా తట్టు."

ఆ గొంతు నాకు తెలుసు. వైరు గుచ్చి, పైకి లేచి కుర్చీలో కూర్చున్నాను. కంప్యూటర్ 'టింగ్' మంది. ఆ కాల్ ఎవరో ఎత్తి అప్పటికే మూడు నిమిషాలైనట్టు తెర చూపిస్తోంది.

చెవిలో పసివాడు కేరుమన్నాడు. వాడి తల్లి ఏడుస్తూనే నవ్వుతోంది. "గొంతులో గింజ బయటికొచ్చేసిందండీ! ఇందాక చెప్పినావిడ ఉన్నారా?"

నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. మైకు మీద టక్, టక్ మంది.

"ఉన్నారమ్మా," అన్నాను.