బటన్ నొక్కనివాళ్లు

లిఫ్టు తలుపు తెరుచుకోగానే, దాన్ని నడిపే తాత స్టూలు మీంచి లేచి, ఒక నోటుపుస్తకం ముందుకు చాచాడు.

"ఇది చూడమ్మా. ఏ అంతస్తులో ఏ వేళకి ఎంతమంది ఆగి ఉంటారో రాశాను."

లెక్కలమ్మకు తీరిక లేదు. అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో ఫస్టు వచ్చి కూడా ఉద్యోగం వద్దని సొంత కంపెనీ పెట్టినందుకు స్నేహితులు ఆమెకు పెట్టిన పేరది. లిఫ్టులు మనిషి లేకుండా వాటంతటవే తెలివిగా తిరిగేలా సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. మొదటి గిరాకీ ఈ పెద్దాసుపత్రి. ఇక్కడ నెగ్గితే కంపెనీ ఉంటుంది, లేదంటే మూతే.

"అక్కర్లేదు తాతా. బటన్ ఎవరు నొక్కినా మెషీనే రాసుకుంటుంది."

"నొక్కేది ఒక్కరేనమ్మా. వెనక పన్నెండు మంది ఉంటారు."

పక్కనున్న ప్రోగ్రామర్ కిసుక్కున నవ్వాడు.

"తాతకి దగ్గులు నేర్పకూడదంటారు. ఈ తాత మనకే నేర్పుతున్నాడు."

ఆమె కూడా నవ్వింది. లిఫ్టుకు ఇక మనిషి అవసరం లేదని ఆ సాయంత్రమే ఆసుపత్రికి రాసిచ్చింది.

మర్నాడు లిఫ్టులో స్టూలు లేదు.

నెల తిరక్కుండానే సాఫ్ట్‌వేర్ బోర్లా పడింది. నాలుగో అంతస్తులో కుర్ర డాక్టరు ఒక్కడు నొక్కితే లిఫ్టు అక్కడికి ఉరికేది. రెండో అంతస్తులో స్ట్రెచరు, రెండు చక్రాల కుర్చీలు, వాటి వెనక చుట్టాలు. అందరికీ కలిపి నొక్కు ఒక్కటే కాబట్టి మెషీను లెక్కలో అక్కడున్నదీ ఒక్కరే. విసుగొచ్చి మెట్లెక్కినవాళ్లు అసలు లెక్కలోకే రాలేదు.

"పది రోజులు చూస్తానమ్మా," అన్నాడు సూపరింటెండెంటు. "తర్వాత నీ మెషీన్ నువ్వు పట్టుకుపో."

ఆమె అడ్రసు కనుక్కుని తాత ఇంటికి వెళ్లింది. కోడలు తలుపు తీసింది.

"మామయ్యగారు పోయి పన్నెండు రోజులైందండి. ఉద్యోగం పోయాక కూడా పొద్దున్నే తయారై కూర్చునేవారు. వెళ్లడానికి చోటు లేదు మరి."

"ఆయన నోటుపుస్తకాలు?"

"అటక నిండా ఉండేవి. పాతపేపర్ల వాడికి వేసేశాం. అన్నీ అంకెలేగా."

ఆమెకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. గుమ్మం దిగి వీధిలోకి వచ్చింది. తర్వాత తనకు లెక్కలు చెప్పిన ప్రొఫెసరుకు ఫోన్ చేసింది.

"మేడమ్, పెద్దాసుపత్రి లిఫ్టుల దగ్గర ఆగే జనం లెక్క ఇంకెవరైనా ఎక్కడైనా రాశారా?"

"అదేం ప్రశ్నే? నువ్వు ఫస్టు వచ్చిందే ఆ లెక్కల మీద," అన్నారు ఆవిడ. "ఇరవై ఏళ్లుగా నేను చెప్పే క్యూల పాఠంలో ప్రతి అంకే ఒకాయన రాసిచ్చినదే. ఆయన ఆ లిఫ్టులోనే స్టూలు మీద కూర్చుని ఉంటారు, వెళ్లి నా పేరు చెప్పి అడుగు."